పడమటి గోడ రాత్రంతా సెగలు కక్కుతోంది, చెట్లతో తీగలతో ఎంతవరకు తగ్గించొచ్చు?

పడమటిగది

నమస్తే అండీ. మాది ఒకే అంతస్తు ఇల్లు, పైన స్లాబు. పడకగది పడమర వైపు. ఆ గోడకి పెద్ద గాజు కిటికీ ఒకటి, దాని పక్కనే ఏసీ అవుట్‌డోర్ యూనిట్. వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక ఎండ ఆ గోడని పట్టుకుందంటే పొద్దు గూకేదాకా వదలదు. గది బాగా వేడెక్కేది మాత్రం అప్పుడు కాదు, రాత్రి తొమ్మిది తర్వాత. అప్పటికి బయట హాయిగా ఉంటుంది, లోపల గోడ పక్కన మంచం మీద పడుకోలేం. మందపాటి కర్టెన్లు వేశాం, ఏమంత ఉపయోగం కనపడలేదు.

గోడకీ ప్రహరీకీ మధ్య నాలుగు మీటర్ల ఖాళీ ఉంది, అదంతా సిమెంటు. దాన్ని పగలగొట్టి మొక్కలు వేద్దామంటే ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, ఏం వెయ్యాలన్న దగ్గరే పేచీ. తొందరగా ఎదిగే చెట్టు ఒక్కటి చాలని ఒకరు, గోడ నిండా తీగ పాకించమని ఒకరు, కుండీలు వరసగా పెడితే పోలా అని ఇంకొకరు. నర్సరీలో అడిగితే ఉన్నవన్నీ మంచివే అన్నారు :)

వచ్చే వేసవికల్లా ఎంతోకొంత తేడా తెలియాలి, నాలుగైదేళ్ళకి శాశ్వతంగా నీడ కుదరాలి, పునాదికి ఇబ్బంది రాకూడదు. ఇదీ నాకు కావాల్సింది. ఇంకో సందేహం, చెట్లు పెడితే ఇన్ని డిగ్రీలు తగ్గుతుందని ఒక్కోచోట ఒక్కో అంకె చెబుతున్నారు, ఒకరు మూడంటారు, ఒకరు ఇరవై అంటారు. ఏది నమ్మాలి?

మట్టిచేతులు

ముందు డిగ్రీల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడే చాలామంది బోల్తా పడతారు. రెండు అంకెలూ నిజమే, కాకపోతే రెండూ వేరే వేరే వాటివి. నీడలో ఉన్న గోడ, నేల, కప్పు లాంటివి మండే ఎండలో ఉన్నవాటి కంటే 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లగా ఉండొచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. అదే చెట్ల చుట్టూ ఉన్న గాలి విషయానికొస్తే మధ్యాహ్నపు వేడిలో తగ్గేది 1 నుంచి 5 డిగ్రీలే. అంటే చెట్టు పెట్టినంత మాత్రాన మీ వాకిట్లో గాలి ఇరవై డిగ్రీలు చల్లబడదు, కానీ మీ గోడ ఉపరితలం అంత తేడా చూపించొచ్చు, మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వనిది ఆ గోడే కదా.

గది రాత్రి వేడెక్కడంలో వింతేం లేదు. ఇటుక గోడ బయటి ముఖం పీల్చుకున్న వేడి లోపలి ముఖానికి చేరడానికి గంటలు పడుతుంది, గోడ ఎంత మందమైతే అంత ఆలస్యం. రాత్రి తొమ్మిదింటికి మీరు పడుతున్న బాధ సాయంత్రం నాలుగింటి ఎండది.

కర్టెన్లు పనిచెయ్యకపోవడానికి కారణం ఇంకా సింపుల్. ఎండ గాజు దాటి లోపలికొచ్చాక గుడ్డ అడ్డం పెడితే ఆ గుడ్డ వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే ఉంటుంది. సాయంత్రం పడమటి కిటికీ మీద పడే ఎండ చదరపు మీటరుకి సుమారు 600 వాట్లు ఉంటుంది, మామూలు గాజు అందులో ముప్పాతిక పైనే లోపలికి వదిలేస్తుంది. రెండు చదరపు మీటర్ల కిటికీ అంటే ఎండాకాలంలో గది మధ్యలో చిన్న హీటర్ వేసుకుని కూర్చున్నట్టే. అందుకని నీడ ఎప్పుడైనా గాజుకి బయటే పడాలి.

మీకు నా సలహా ఒకటే: ముందు తీగ, దానితోపాటే చెట్టు. తీగ ఈ ఏడాదికి, చెట్టు ఆ తర్వాతకి. కుండీల వరస అందంగా ఉంటుంది గానీ మోకాలెత్తు మొక్క గోడకి చేసేదేం లేదు.

తీగని నేరుగా గోడకి మాత్రం అంటించకండి. ఫైకస్ తీగ లాంటివి గోడని పట్టుకుని పాకుతాయి, పీకినప్పుడు రంగూ పైపూతా ఊడొస్తాయి, ఆకుల వెనక తేమ నిలబడుతుంది. గోడకి కనీసం జానెడు దూరంలో వైరు మెష్ నిలబెట్టి దాని మీదికి ఎక్కించండి. ఆ సందులో గాలి ఆడుతుంటే ఆకులకీ గోడకీ మధ్య వేడి పోగవ్వదు. మొదటి ఏడాదికి శంకుపుష్పం గింజలు పెట్టండి, ఒక్క సీజన్‌లోనే రెండు మూడు మీటర్లు పాకుతుంది. దాని పక్కనే రాధామనోహరం నాటితే అది నెమ్మదిగా చోటు తీసుకుంటుంది, కుదురుకున్నాక దాని నీడ చిక్కగా ఉంటుంది, కాకపోతే కత్తెర పట్టుకుని దాని వెంట పడాల్సిందే, వదిలేస్తే పిట్టగోడ ఎక్కి కూర్చుంటుంది. కాగితం పూల చెట్టుకి నీళ్ళు తక్కువ చాలు, కానీ ముళ్ళు, పైగా నిండా పూసినప్పుడు ఆకు పలచబడుతుంది. కిటికీ ముందు నేనైతే పెట్టను.

వేపచెట్టునీడ

ఇంత చర్చ అవసరమా? వేప పెట్టండి. నీళ్ళు పొయ్యకపోయినా బతుకుతుంది, నీడ చల్లన, గాలి మంచిది. మా ఇంటి ముందున్నది ఇంటికంటే ఎత్తు, దాని కింద మధ్యాహ్నం రెండింటికి కూడా కూర్చోవచ్చు.

ఎండలెక్క

@వేపచెట్టునీడ ఇంటి ముందు జాగా ఉంటే వేపని మించింది లేదు, ఒప్పుకుంటా. కానీ ఆయనకి ఉన్నది నాలుగు మీటర్లు.

పడమటిగది గారూ, ఏం నాటాలన్నది తర్వాత, ఎంత ఎత్తు కావాలో ముందు చూసుకోండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు కప్పుతుంది. క్షితిజం నుంచి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ వెళ్తే సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో తెలిసిపోతుంది (సూర్యుడి వైపు నేరుగా చూడకండి, చేతి చాటున చూసుకోవాలి). ఇంకో పద్ధతి, ఒక కర్ర నిలబెట్టండి, దాని నీడ కర్రంత పొడవే ఉంటే సూర్యుడు 45 డిగ్రీల మీద ఉన్నట్టు.

ఇప్పుడు గోడకి మూడు మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల ఎత్తు చెట్టు ఉందనుకోండి. ఎండ 45 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఆ చెట్టు నీడ గోడ మీద కింది ఒక మీటరు వరకే వస్తుంది, అంటే కిటికీకి అందదు. ఎండ 30కి దిగేసరికి నీడ రెండుంపావు మీటర్ల దాకా ఎక్కుతుంది, కిటికీ మొత్తం కప్పేస్తుంది. 20 డిగ్రీలకి దాదాపు మూడు మీటర్లు. దీన్నిబట్టి ఏం తెలుస్తోందంటే సాయంత్రం ఏటవాలు ఎండకి మరీ పెద్ద చెట్టు అక్కర్లేదు, ఆ పని నాలుగైదు మీటర్ల చెట్టే చేసేస్తుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటల నిట్టనిలువు ఎండకి మాత్రం చెట్టు చాలదు, పైనుంచి ముందుకొచ్చే సజ్జ గానీ పందిరి గానీ కావాలి. అందుకే మెష్‌ని నిలువుగా మాత్రమే కాకుండా కిటికీ పైన ఒక మీటరు ముందుకి వంచి చిన్న పందిరిలా చేయిస్తే రెండు పనులూ అవుతాయి.

ఇంకో మాట. దక్షిణం వైపు ఆకురాల్చే చెట్టు పెట్టండి, వేసవిలో నీడ, చలికాలంలో ఎండ అని రాస్తుంటారు చూడండి, అది చలిదేశాల వాళ్ళ లెక్క. అక్కడ శీతాకాలపు ఎండ ఇంట్లోకి రావాలి కాబట్టి ఆ తంటా. భూమధ్యరేఖకి దగ్గరున్న చోట్ల నడివేసవిలో సూర్యుడు మధ్యాహ్నం దాదాపు నడినెత్తికి వస్తాడు, దక్షిణపు గోడకి తగిలేది చాలా తక్కువ, దెబ్బంతా కప్పుకీ, తూర్పు పడమర గోడలకే. కాబట్టి ఉన్న డబ్బూ ఓపికా దక్షిణం మీద ఖర్చు పెట్టకండి.

ఆకురాల్చే చెట్ల గురించి ఇంకోటి. టేకు వేసవిలో మోడులా నిలబడుతుంది. గుల్మొహర్ కూడా పొడి ప్రాంతాల్లో ఎండలు ముదిరేదాకా ఆకులు లేకుండానే ఉంటుంది, పూలు చూడ్డానికి బాగుంటాయి గానీ మీకు నీడ కావాల్సిన నెలల్లో అది సెలవులో ఉంటుంది. పైగా దాని కొమ్మలు గాలికి తేలిగ్గా విరుగుతాయి. చెట్టు ఎంచుకునే ముందు ఏ నెలలో ఆకు రాలుస్తుందో అడగండి, ఎంత తొందరగా ఎదుగుతుందన్నది ఆ తర్వాత.

పునాదిరాయి

నిర్మాణం వైపు నుంచి కొన్ని విషయాలు.

నేల ఏ రకం? నల్లరేగడి లాంటి జిగట మట్టి అయితే జాగ్రత్త పడాలి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. పెద్ద చెట్టు వేసవిలో పునాది కింది నేల నుంచి నీరు లాగేస్తే ఒక పక్క నేల దిగి గోడలకి ఏటవాలు పగుళ్ళు వస్తాయి. అలాంటి నేలలో చెట్టు పూర్తిగా ఎదిగితే ఎంత ఎత్తవుతుందో ఇంటికి కనీసం అంత దూరం ఉంచమంటారు. ఎర్రనేల, ఇసుకనేల అయితే ఇంత భయం లేదు. ఏ నేలైనా సరే రావి, మర్రి, జువ్వి జాతి ఇంటి పక్క వద్దే వద్దు, వాటి వేర్లు సంపు గోడనీ వదలవు. కోనోకార్పస్ కూడా అంతే, ఎదగడం చూస్తే ముచ్చటేస్తుంది, వేర్లు నీటి పైపుల్ని వెతుక్కుంటూ పోతాయి.

నాలుగు మీటర్లలో వేపా కానుగా రెండూ ఇమడవు. ఎదిగాక పదిహేను మీటర్లు అయ్యే చెట్లని ఏటా నరికి గుండు చెయ్యడం కంటే చిన్న చెట్టు పెట్టుకోవడం నయం. జామ పనికొస్తుంది, ఏడాదంతా ఆకు ఉంటుంది, నాలుగైదు మీటర్ల దగ్గర కత్తిరించి ఆపుకోవచ్చు. పసుపు గంటల్లాంటి పూల టెకోమా తొందరగా వస్తుంది. పొగడ ఆకు దట్టం, నీడ గొప్పగా ఉంటుంది, కానీ మరీ నెమ్మదస్తురాలు, మీ నాలుగైదేళ్ళ లెక్కలోకి రాదు. మునగ ఏడాదిలోనే మూడు మీటర్లు లేస్తుంది గానీ నీడ పలచన, కొమ్మ పెళుసు.

ఏసీ యూనిట్‌ని మొక్కలతో చుట్టేసే అలవాటు చాలామందికి ఉంది. అది వేడిగాలి బయటికి ఊదుతుంది, ఎదురుగా ఆకులుంటే అదే గాలి వెనక్కి తిరిగొచ్చి మళ్ళీ అందులోకే పోతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. ముందు కనీసం ఒక మీటరు ఖాళీ వదలండి, పైన నీడ పడితే చాలు. నిజానికి యూనిట్ మీద నీడ వల్ల కలిగే లాభం కూడా కొంచెమే, గోడ మీద నీడతో పోలిస్తే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

స్లాబు సంగతి ఎవరూ అనలేదు. మీది ఒకే అంతస్తు కాబట్టి రోజంతా ఎక్కువ ఎండ తినేది అదే. ఇక్కడ చెట్టు మీద ఆశ పెట్టుకోకండి. పైన మట్టి పోసి తోట వేద్దామనిపిస్తే ఒక్క లెక్క చూడండి: తడిసిన మట్టి ఘనపు మీటరుకి 1,600 కిలోల పైమాటే, 30 సెంటీమీటర్ల మందం పోస్తే చదరపు మీటరుకి ఐదు వందల కిలోలు. మనుషులు తిరిగే డాబాని మామూలుగా డిజైన్ చేసేది చదరపు మీటరుకి 150 కిలోల అదనపు బరువుకి. కాబట్టి పైన తెల్లరంగు పూత గానీ, పైపుల ఫ్రేమ్ వేసి షేడ్ నెట్ గానీ, లేదా నేలలో నాటిన తీగనే పైకి ఎక్కించి పందిరి గానీ చెయ్యండి. నెట్ అయినా పందిరి అయినా స్లాబుకి కాస్త ఎత్తులో ఉండాలి, కింద గాలి పోవాలి. కుండీలు పెట్టాలంటే దూలాల మీదుగా, స్టాండు మీద.

పడమటిగది

అమ్మో, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్ అండీ. నేల ఎర్రమట్టే, ఆ టెన్షన్ లేదు. సంపు తూర్పు వైపు ఉంది.

రెండు అడ్డంకులు. ఒకటి, పడకగది కిటికీ దగ్గర మొక్కలుంటే రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, మంచిది కాదని పెద్దవాళ్ళు. రెండు, దోమలు. ఇంకా, మాది ఉక్క ఎక్కువుండే చోటు. మొక్కలు నీటి ఆవిరి వదులుతాయి కదా, ఉక్క ఇంకా పెరుగుతుందా? చెట్టు ఒక ఏసీతో సమానం అని కూడా చదివాను.

తడిగాలి

ఏసీతో సమానం అన్న లెక్క ఎక్కడినుంచి వచ్చిందంటే, గంటకి ఐదు లీటర్ల నీరు ఆవిరవ్వడానికి పట్టే వేడి సుమారు ఒక టన్ను ఏసీ తీసేసే వేడంత ఉంటుంది. లెక్క తప్పు కాదు. కానీ ఏసీ మూసిన గదిలో పనిచేస్తుంది, చెట్టు ఆరుబయట. అది చల్లబరిచిన గాలి నిమిషంలో పక్క వీధికి పోతుంది. పైగా గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆకుల నుంచి నీరు అంత జోరుగా ఆవిరవ్వదు, మరోపక్క నేల ఎండిపోతే చెట్టు తన నీరు కాపాడుకోవడానికి ఆకుల రంధ్రాలు మూసేసుకుంటుంది, అంటే భగభగలాడే మధ్యాహ్నం, నీళ్ళు అందని రోజున, ఆ చల్లదనం మీకు చాలావరకు అందదు. నీడ మాత్రం అందుతుంది. కాబట్టి మీరున్న చోట నీడనే నమ్ముకోండి.

ఉక్క ఉన్నచోట ఇంకో ముఖ్యమైన సంగతి గాలి. నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది: ఇంటి చుట్టూ గుబురు కంచె పెంచడం అలాంటి చోట తెలివైన పని కాదు. చల్లన అనుకుని కిటికీ ఎత్తు దాకా దట్టంగా పెంచేస్తారు, సాయంత్రం వచ్చే కాస్త గాలీ అక్కడే ఆగిపోతుంది, ఇంక లోపల ఫ్యాను తిరిగినా ఒళ్ళు జిడ్డే. చెట్టు కింది కొమ్మలు తీసేసి తల పైన ఉంచండి, కాండాల మధ్య నుంచి గాలి దూరాలి. తీగ మెష్ కూడా కిటికీకి నేరుగా ముందు కాస్త పలచగా, గోడ ముందు దట్టంగా. గాలి ఏ మూల నుంచి వస్తుందో ఒక నాలుగు సాయంత్రాలు చూసి, ఆ మూల మాత్రం ఖాళీగా వదిలెయ్యండి.

చెట్టు తల దట్టంగా ఉంటే నేల వేడి రాత్రి ఆకాశంలోకి పోకుండా కొంత అడ్డుపడుతుంది, చెట్టు కింద రాత్రి కొంచెం వెచ్చగా ఉండేది అందుకే. పగలు ఆపిన వేడి ముందు అదేం లెక్కలోకి రాదు.

మట్టిచేతులు

కార్బన్ డయాక్సైడ్ గురించి పెద్దవాళ్ళకి ఇలా చెప్పండి: మొక్క రాత్రి వదిలేది చాలా కొంచెం, పక్కన పడుకున్న మనిషి వదిలేది అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అదీ బయట ఉన్న మొక్క. మనుషుల్ని గదిలోంచి పంపించెయ్యం కదా!

దోమలు పుట్టేది ఆకుల్లో కాదు, నిలబడ్డ నీళ్ళలో. కుండీ కింది పళ్ళేలు, మూతలేని బకెట్లు తీసేస్తే సగం గొడవ పోయినట్టే. గుబుర్లలో పగలు నక్కి ఉంటాయన్నది నిజమే, అందుకే పైన చెప్పినట్టు కింది భాగం తెరిపిగా ఉంచాలి.

నేల విషయం కూడా చూసుకోండి. గోడకి నీడ వచ్చినా ముందు సిమెంటు మండుతుంటే ఆ సెగ కిటికీలోకే కొడుతుంది. సిమెంటు తీసిన చోట ఎండ పడేంతకాలం గడ్డి చాలు, చెట్టు నీడ పరుచుకున్నాక గడ్డి చచ్చిపోతుంది, అప్పుడు ఫెర్న్‌లు, మోండో గ్రాస్, స్పైడర్ ప్లాంట్ లాంటివి వెయ్యండి. వాటిని ఇప్పుడే తెచ్చి పడమటి ఎండలో పెడితే రెండ్రోజుల్లో మాడిపోతాయి. చిన్నపిల్లలో పెంపుడు జంతువులో ఉంటే గన్నేరు, పచ్చగన్నేరు పెట్టొద్దు, ఆ మొక్కల్లో ప్రతి భాగమూ విషమే. డిఫెన్‌బాకియా, సింగోనియం ఆకు నమిలితే నోరు మంటెత్తి వాస్తుంది. జామకి అటూ ఇటూ మందారాలు పెట్టుకోవచ్చు, గోడ కింది భాగానికి అవి నీడనిస్తాయి.

పడమటిగది

సరే, ఇలా అనుకుంటున్నా. గోడకి మూడు మీటర్ల దూరంలో జామ ఒకటి, కిటికీ ముందు వంపు తిరిగిన మెష్, దాని మీద ఈ ఏడాదికి శంకుపుష్పం, పక్కన రాధామనోహరం. స్లాబు మీద తెల్లరంగు. తీగ అల్లుకునేదాకా కిటికీ బయట షేడ్ నెట్. సిమెంటు మొత్తం తీసెయ్యొచ్చా?

పునాదిరాయి

మొత్తం వద్దు. గోడని ఆనుకుని 75 సెంటీమీటర్ల సిమెంటు పట్టీ, బయటికి వాలు ఉండేలా, అలాగే ఉంచండి. వాననీరు పునాదిలోకి దిగకుండా చూసేది అదే. మొక్కలన్నీ ఆ పట్టీ అవతలే. మెష్ స్తంభాలు కూడా పట్టీ అంచున పాతితే గోడకీ తీగకీ మధ్య మనిషి నడిచి ఏసీ సర్వీసు చేసుకునేంత సందు వస్తుంది, మట్టిచేతులు గారు చెప్పిన జానెడు కంటే మీకిదే మేలు. ఏసీకి ఎదురుగా మాత్రం మెష్, తీగ లేకుండా ఖాళీ వదలండి.

మట్టిచేతులు

అవును, జాగా ఉంది కాబట్టి అదే చెయ్యండి. తీగలు మాత్రం ఆ స్తంభాల మొదట్లో నేలలోనే నాటండి, కుండీల్లో వద్దు, పడమటి ఎండకి కుండీ మట్టి ఉడికిపోయి వేర్లు దెబ్బతింటాయి. జామకి రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి, రెండు మూడు రోజులకోసారి పాదు నిండా పొయ్యండి, పైన ఎండుటాకులు నాలుగు వేళ్ళ మందం పరచండి, కాండానికి తగలకుండా. నాటేది వానలు మొదలయ్యాకే, ఈలోగా ఆ సిమెంటు పగలగొట్టే పని కానిచ్చెయ్యండి, కింద కంకర ఉంటే అది కూడా తీయించి మంచి మట్టి నింపాలి, అదే ఎక్కువ రోజులు పట్టే పని.